పన్నెండో ఫారం

ఆమె వెళ్ళిందా, వెళ్ళలేదా?

ఇరవై రెండేళ్ళుగా ఈ అనుమానం నాతోపాటే నిద్ర లేస్తోంది. గిన్నెలు తోముతుంటే వస్తుంది. బట్టలు ఆరేస్తుంటే వస్తుంది. దేవుడి ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకుని, అందరినీ చల్లగా చూడు తండ్రీ అని అడగాల్సిన చోట అడ్డం వచ్చి నిలబడుతుంది. ఆమె నాకు చుట్టం కాదు, పక్కం కాదు. అసలు మనిషే కాదు. ఒక నవలలో ఉంది. ఇద్దరు తమ్ముళ్ళనీ ఒక చెల్లెల్నీ పెంచి, ఒక్కొక్కరికీ ఒక ఇల్లు ఏర్పడేదాకా నిలబడి, నలభై అయిదో ఏట ఒక ఉత్తరం అందుకున్న ఆడమనిషి. కొండమీది బడిలో ఉద్యోగం ఇస్తాం, ఉండడానికి ఒక గది ఇస్తాం అని ఆ ఉత్తరం. అదే వారం తోబుట్టువులు ముగ్గురూ దిగారు. ముగ్గురిదీ ఒకటే మాట, "మా ఇంటికొచ్చెయ్యక్కా" అని. ముగ్గురిళ్ళలోనూ చంటిపిల్లలున్నారు. "పొద్దున్నే చెప్తాను" అని ఆమె తన గది తలుపు వేసుకుంది. అక్కడితో పదకొండో ఫారం అయిపోయింది. మిగిలింది పన్నెండో ఫారం ఒక్కటే. అది నా చేతుల మీదుగానే వెళ్ళింది. అయినా ఏమైందో నాకు తెలియదు.

ఫారం అంటే ఏమిటో చెప్పాలి. పుస్తకం అచ్చయ్యేటప్పుడు పేజీలు విడివిడిగా రావు. ఒక పెద్ద కాగితానికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు పేజీలు పడతాయి. ఆ కాగితాన్ని మూడు మడతలు పెడితే ఒక ఫారం. అలాంటివి పదో పన్నెండో వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి, అంచులు కోస్తే పుస్తకం. పెళ్ళయిన మూడో ఏడు నేనొక బైండింగు షాపులో ఆ మడతలు పెట్టే పనికి కుదిరాను. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. రోజంతా పుస్తకాల మధ్య ఉండొచ్చని ఎగిరి గంతేశాను. తీరా చేరాక తెలిసింది సంగతి. ఒక్కొక్కరికి ఒక్కో ఫారం ఇస్తారు. నాకు మూడోది వస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా మూడోదే. ఆ కథలో ఆ పదహారు పేజీలే నా వంతు. వాటిలోనూ సగం పేజీలు, కాగితం పరిచినప్పుడు తలకిందులుగా ఉంటాయి. చెయ్యి ఆగితే మేస్త్రీ కేకేస్తాడు. "కళ్ళతో కాదమ్మా, చేతుల్తో పని! చదువుకోడానికి బడి ఉంది, ఇది షాపు" అనేవాడు.

అందుకని మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం ఒక ఉపాయం కనిపెట్టాం. అన్నాల దగ్గర ఎవరి ఫారంలో ముక్కలు వాళ్ళు చెప్పేవాళ్ళం.

"నా ఫారంలో వాడి కాలు విరిగిందే పాపం."

"విరగడమేంటి, నా దాంట్లో గోడ దూకి పరిగెత్తుతుంటే?"

"నీది ఎన్నోది?"

"రెండు."

"నాది అయిదు. అయితే ఇంకా విరగలేదులే. పరిగెత్తనీ, రెండ్రోజులేగా!"

అలా ఎన్ని నవలలు విన్నామో. పుస్తకం చేతిలో పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది మాత్రం ఒక్కటీ లేదు.

ఆ ఎనిమిదిమందిలో పెద్దది బద్దక్క. మడత మీద గీసే నున్నటి చెక్కబద్దని ఎప్పుడూ జడముడిలో గుచ్చుకుని తిరిగేది కాబట్టి ఆ పేరు. నాకంటే పదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. "నేను వద్దన్లేదే, అడిగినవాడే లేడు" అని తనే నవ్వేది. అన్నగారింట్లో ఉండేది. కథ చెప్పడంలో ఆమెకి ఎదురులేదు. ఇంత ముక్కని కొండంత చేసి, ఎవరి గొంతు వాళ్ళకి పెట్టి చెప్పేది. ఆ నవల వచ్చినప్పుడు పదకొండో ఫారం ఆమెకి పడింది, పన్నెండోది నాకు. ఆ మధ్యాహ్నం ఆమె పదకొండోది చెప్తుంటే అన్నం గిన్నెల మీద ఈగలు వాలుతున్నా ఎవరం తోలలేదు. "పొద్దున్నే చెప్తాను, అని తలుపేసుకుందే" అని ఆపేసి, నా వైపు తిరిగి, "ఇంక నీ చేతిలో ఉంది తల్లీ" అంది.

ఆ సాయంత్రం నాలుగు గంటలకి షాపుకి ఫోనొచ్చింది. మా అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. ఫోను చేసింది మా వారు. ఆయన ఇంట్లోనే ఉన్నారు. అయినా నేను వెళ్ళి లేపాలి. మడిచిన కట్ట చేతిలో ఉంటే ఎక్కడ పెట్టానో కూడా చూడకుండా బల్ల మీద పడేసి పరిగెత్తాను. గుమ్మం దగ్గర బద్దక్క చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళిందా, లేదా? అది చెప్పి పో."

"రేపు చెప్తానక్కా. అన్నాల దగ్గర తీరిగ్గా."

"ఒక్క మాటే. ఊఁ, ఉహూఁ."

"ఒక్క మాటలో చెప్పేది కాదక్కా" అన్నాను. అది అబద్ధం. నేను చదవలేదు. నా చేతులు మడతలు పెడుతూ ఉంటే కళ్ళు ఏవో నాలుగు ముక్కలు ఏరుకున్నాయి. కిటికీ, పెద్ద గిన్నె, తెల్లవారడం. అంతకుమించి లేదు. ఎలాగూ మర్నాడు కూడా పన్నెండో ఫారమే కదా, అప్పుడు చూసుకుని చెప్దాం అనుకున్నాను. ఆ మర్నాడు రాలేదు. అత్తగారి తుంటి విరిగింది. తొమ్మిదేళ్ళు మంచం మీదే ఉన్నారు.

మా వారు కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసేవారు. "పొద్దున్నించి చదివి చదివి కళ్ళు లాగుతున్నాయి" అనేవారు ఇంటికి రాగానే, కాళ్ళు చాపుకుని. మీటర్లు చదవడం చదువు, నేను చేసేది ఊరికే ఉండడం. చెడ్డమనిషి కాదు, ఆ మాట దేవుడి ముందైనా చెప్తాను. చెయ్యెత్తలేదు, తాగలేదు. ఎప్పుడైనా నేనొక కాగితం ముక్క పట్టుకుంటే మాత్రం, "చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని నవ్వేవారు. నేను కోపం తెచ్చుకునేదాన్ని కాదు. కోపం తెచ్చుకోవడానికైనా కొంచెం తీరిక ఉండాలి. అత్తగారిని ఒక పక్కకి తిప్పి, వీపు తుడిచి, ఇంకో పక్కకి తిప్పేసరికి పొయ్యి మీద పాలు పొంగేవి. ఆవిడ మాటలు ముళ్ళలా ఉండేవి కానీ అందులో ఒక హాస్యం ఉండేది. ఒకసారి అడిగారు.

"ఏముందే ఆ సంచుల్లో?"

"పుస్తకాలు అత్తయ్యా."

"ఏం రాశారు వాటిల్లో?"

"ఇంకా చదవలేదు."

నా వైపు చూసి అన్నారు: "చదవవు, పారెయ్యవు. నా సంగతీ అంతేగా నీకు." ఇద్దరం నవ్వాం. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఎందుకో ఏడ్చాను.

ఆ సంచుల సంగతి ఇదీ. బైండింగులో కొన్ని కాపీలు చెడిపోతాయి. ఒక ఫారం రాకపోవడం, ఒకటి తలకిందులుగా కుట్టుకుపోవడం, కోతలో అక్షరాలు తెగిపోవడం. వాటిని వేస్టు అని మూల పడేస్తారు. పుస్తకం పని అయ్యాక మడతలు పెట్టినవాళ్ళు తలా ఒకటి పట్టుకుపోవచ్చని షాపులో రివాజు. నేను పని మానేసిన నెలకి మేస్త్రీ మా ఇంటికొచ్చి ఆ నవల వేస్టు కాపీ ఒకటి ఇచ్చివెళ్ళాడు. "నీ వాటా అమ్మా" అన్నాడు. ఆకుపచ్చ అట్ట. బద్దక్క ఎలా ఉందని అడిగితే, ఆవిడా పని మానేసి తమ్ముడి ఊరు వెళ్ళిపోయిందన్నాడు. ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టాను. నాలుగేళ్ళ తర్వాత షాపువాళ్ళు ఫారాలు ఇంటికే పంపడం మొదలుపెట్టారు. అత్తగారి మంచం పక్కన కూర్చుని మడిచేదాన్ని. మళ్ళీ వేస్టు కాపీలు రావడం మొదలయ్యాయి. కథలు, చరిత్రలు, పిట్టల గురించి ఒకటి, సముద్రం గురించి ఒకటి, భక్తి పుస్తకాలు, తోటపని, ఎవరో ఇంజనీరు తన జీవితం రాసుకున్నది. ఏదీ కాదనలేదు. రెండు సంచులు అయిదయ్యాయి, అయిదు పదిహేనయ్యాయి. అటక నిండింది, వంటింటి వెనక చిన్నగది నిండింది. ఇప్పటికి నాలుగువందల అరవై దాకా ఉంటాయి.

చదవొచ్చుగా, అని మీరడగొచ్చు. నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. అత్తయ్య కోలుకోనీ అనుకున్నాను. అబ్బాయి పరీక్షలవనీ అనుకున్నాను. ఆయన రిటైరవనీ అనుకున్నాను. పదినిమిషాలు దొరికితే ఆ పదినిమిషాల్లో అంత పెద్ద పుస్తకం మొదలుపెట్టడానికి మనసొప్పేది కాదు, ఆకలిగా ఉన్నవాడికి ఒక్క మెతుకు పెట్టినట్టు ఉంటుందని. తీరిక దొరికిన రోజున మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి, ఎవరూ పిలవకూడదు అని ఒక కల ఉండేది. దానికోసం పోగేస్తూ వచ్చాను. ఆకుపచ్చ పుస్తకం విషయంలో ఇంకో భయం కూడా ఉండేది. అది వేస్టు కాపీ. ఏదో ఒక ఫారం లేకుండానే ఉంటుంది. ఆ లేనిది పన్నెండోదే అయితే? తెరవనంత కాలం అది ఉన్నట్టే. ఒక్కోరోజు ప్రార్థనలో అడిగేదాన్ని: తండ్రీ, ఇంత ఆశ ఇచ్చినవాడివి దానికి తగ్గ పొద్దు ఎందుకివ్వలేదు? లేక పొద్దు నువ్వు అందరికీ సమంగానే ఇచ్చావా? నా వంతు ఎవరి చేతిలో పడింది? జవాబు రాలేదు. నిందించడం లేదు. ఆయనకీ చాలామంది ఉంటారు.

రెండు నెలల కిందట మా వారు రిటైరయ్యారు. వారం తిరక్కుండానే అన్నారు: "రిటైరైనవాడికి ఒక గదైనా ఉండొద్దా? ఆ చిన్నగది ఖాళీ చేసి ఒక వాలుకుర్చీ, టీవీ పెట్టుకుంటాను." మా అబ్బాయి సెలవుకి వచ్చి నాకొక టాబ్లెట్ కొనిచ్చాడు. "అమ్మా, ఇందులో రెండువేల పుస్తకాలు వేశాను. అన్నీ పూర్తిగా ఉన్నాయి, నీ వాటిలా చిరుగుపాతలు కావు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు. ఇంక ఆ చెత్త ఎందుకు చెప్పు?" వాడు ప్రేమగానే అన్నాడు. నేను దాన్ని చేత్తో నిమిరాను. అద్దంలా చల్లగా ఉంది. నాలుగువందల అరవైకే దిక్కులేదు, ఇప్పుడు రెండువేల నాలుగువందల అరవై అయ్యాయి. అబ్బాయి వెళ్ళిన మర్నాటి నుంచి అందులో మా వారు వార్తలు చూస్తున్నారు.

"పాత కాగితాలవాడితో మాట్లాడాను. ఆదివారం పదింటికి వస్తాడు" అన్నారొక రోజు భోజనం చేస్తూ. "తూకానికి వేసేద్దాం." సరేనన్నాను. ముప్ఫై ఏళ్ళుగా సరేననడం అలవాటై, నోరు నన్ను అడక్కుండానే అనేస్తుంది.

ఆ బుధవారం ఆయనకి కళ్ళజోడు మార్పించడానికి కంటి ఆసుపత్రికి వెళ్ళాం. ఆయన లోపలికి వెళ్ళారు. నేను బయట బల్ల మీద కూర్చుని దగ్గాను. జిగురు వాసనకి అప్పట్లో పట్టుకున్న దగ్గు, పోలేదు. పక్క వరసలో ఒక కంటికి కట్టు కట్టిన ముసలామె తల ఇటు తిప్పింది.

"ఈ దగ్గు నాకు తెలుసే. జిగురు దగ్గు ఇది. ఎవరే నువ్వు?"

"అక్కా" అన్నాను.

జడముడిలో బద్ద లేదు. జడముడే లేదు, జుట్టంతా పలచబడిపోయింది. ఒక కన్ను పూర్తిగా పోయిందట. రెండోదాంట్లో మనిషి ఆకారం లీలగా కనిపిస్తుందట, అక్షరం ఆనదట. తమ్ముడు ఉద్యోగరీత్యా మూడేళ్ళ కిందట ఈ ఊరే వచ్చాడట. నేను చేతులు పట్టుకుని ఏడుస్తుంటే ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. "ఇంకా మడుస్తున్నావా? బొటనవేలు కాయ కాసిందే" అంది. తర్వాత గొంతు తగ్గించి, ఏదో గుర్తొచ్చినట్టు కాదు, ఎప్పటినుంచో నోట్లోనే ఉన్నట్టు అంది:

"నువ్వు నాకో ముగింపు బాకీ ఉన్నావు."

"పుస్తకం నా దగ్గరుందక్కా. అటక మీదుంది. తీసుకొస్తాను. ఆదివారం పొద్దున్నే వస్తాను."

"ముందు చదివేసి రాకు. మొహం చూడలేను గానీ, గొంతులో తెలిసిపోతుంది నాకు. ఇద్దరం కలిసే చూద్దాం."

తిరిగొస్తుంటే ఆయన అడిగారు, ఎవరావిడ అని. పాత స్నేహితురాలు అన్నాను. "నీకు స్నేహితులు కూడా ఉన్నారా!" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు పాపం.

శనివారం మధ్యాహ్నం స్టూలు వేసుకుని అటక ఎక్కాను. ఎనిమిది సంచులు దింపి, ఒక్కో పుస్తకం తీసి చూశాను. ప్రతి అట్టా గుర్తే. ఇది అత్తగారికి జ్వరం తగిలిన వారం మడిచింది. ఇది అబ్బాయి ఫస్టు క్లాసులో పాసైనప్పటిది. ఇది నాకు గర్భసంచి తీసేశాక కుట్లతోనే కూర్చుని మడిచింది. ఒక్క వాక్యం చదవని పుస్తకాలు నా బతుకంతా వరస తప్పకుండా చెప్పాయి. ఆకుపచ్చ అట్ట పదమూడో సంచిలో, చిన్నగదిలో దొరికింది. వెన్ను దగ్గర కొంచెం చెద. దారం గట్టిగానే ఉంది. తెరవలేదు. కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాను. గుమ్మంలో నిలబడి ఆయన చూస్తున్నారు. "బాగుంది, వాడి పని సులువైంది. అన్నీ కిందకే తెచ్చావు" అన్నారు.

ఆదివారం పొద్దున్నే లేచి దీపం పెట్టాను. అందరినీ చల్లగా చూడమన్నాను. తర్వాత సంచులన్నీ చిన్నగదిలోకి జరిపి, తలుపు దగ్గరికి వేసి, తాళం వేశాను. మా ఇంట్లో వీధి తలుపుకి తప్ప దేనికీ తాళం వెయ్యలేదు ఇంతవరకూ. తాళం చెవి బయటికి తీస్తుంటే దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. ఎవరిది దొంగిలిస్తున్నానో మాత్రం తెలియలేదు.

"ఎక్కడికి?" అన్నారు ఆయన మంచం మీద నుంచి.

"స్నేహితురాలింటికి."

"వాడొచ్చే రోజునా? మరి వంట?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయండీ" అన్నాను. వెటకారంగా అనలేదు. నిజంగా ఆయనకి తెలియకపోవచ్చని చెప్పాను.

బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి గతుకుకీ దాన్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. పన్నెండోది లేకపోతే ఆమెకి ఏం చెప్పను? ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తేనో? కళ్ళు కనిపించని మనిషికి అబద్ధం చదివి వినిపిస్తే పాపం కాదూ? ఇరవై రెండేళ్ళ నుంచి నిజం కోసం చూస్తున్న మనిషికి ఏమీ లేదని చెప్తే అది పుణ్యమా? తండ్రీ, నువ్వే చూసుకో అన్నాను.

బద్దక్క తమ్ముడి ఇంట్లో మెట్ల కింద చిన్న గదిలో ఉంది. మంచం, స్టూలు, గోడకి మేకులు. మంచం మీద ఉతికిన బట్టల గుట్ట. మొహం గోడవైపు పెట్టి, ఒక్కో చొక్కా తీసి, చేత్తో కొలిచి, అంచుకి అంచు కలిపి మడుస్తోంది. మడత మీద బొటనవేలి గోరుతో గీస్తోంది, బద్దతో గీసినట్టే. ఆమె మరదలు టీ తెచ్చిచ్చి, "వదిన మడిస్తే ఇస్త్రీ అక్కర్లేదండీ" అని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

"విన్నావా బిరుదు?" అంది బద్దక్క. "తమ్ముడి పిల్లలు ముగ్గుర్నీ పెంచాను. వాళ్ళు పెద్దాళ్ళయ్యారు. ఇప్పుడు బట్టలు పెంచుతున్నాను."

నేను నవ్వలేకపోయాను. ఆమె చొక్కా పక్కన పెట్టి అంది:

"నీకో సంగతి చెప్పలేదే. ఆ నవల వచ్చిన వారమే నాకూ రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి మా తమ్ముడు వీడి దగ్గర్నించి, పిల్ల పుట్టింది రా అక్కా అని. ఇంకోటి ఆడపిల్లల హాస్టల్ నుంచి. వార్డెన్ పని, గది ఇస్తామన్నారు. ఎవరికీ చెప్పలేదు. పదకొండో ఫారం చేతికొచ్చినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎవరో నా గురించే రాసినట్టు. సరే, ఈవిడేం చేస్తుందో చూద్దాం, నేనూ అదే చేద్దాం అనుకున్నా. పిచ్చి కాకపోతే!"

"అక్కా..."

"నువ్వు రాలేదు. మూడురోజులు చూశా. పన్నెండోది మేస్త్రీ వేరేవాళ్ళకిచ్చాడు. ఆ పిల్లకి చదువు రాదు. నేను వెళ్ళి చూడబోతే, నీ బల్ల దగ్గరికి నువ్వు పో అని కసిరాడు. నాలుగోరోజు వీడే వచ్చి నిలబడ్డాడు, సామాను సర్దుకో అక్కా అని. ఒట్టి కథ కోసం ఎవరైనా ఆగుతారా అనుకుని వచ్చేశా." టీ గ్లాసు చేతుల్లో తిప్పింది. "నిన్నేమీ అనడం లేదే. ఆ రోజు నువ్వు చెప్పినా వీడి దగ్గరికే వచ్చేదాన్నేమో. ఆ 'ఏమో' ఒక్కటే నాకు నిద్రపట్టనివ్వదు. చదువు."

నేను పుస్తకం తీశాను. పేజీలు తిప్పాను. పది ఫారాలు వరసగా ఉన్నాయి. పదోది అయిపోగానే పేజీ అంకె ఒక్కసారిగా దూకింది. "అక్కా, పదకొండోది లేదు" అన్నాను.

"పదకొండోది నాదే కదే!" అంది. ఆ గొంతులో ఎన్నాళ్ళకో పాత బద్దక్క. "అది నాకు నోటికొచ్చు." కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. పెద్ద తమ్ముడి గొంతు, చిన్న తమ్ముడి గొంతు, చెల్లెలి ముక్కు చీదుడు, అన్నీ. బయట మరదలు గిన్నెల చప్పుడు ఆపి వింటోందని నాకు తెలుస్తూనే ఉంది. "పొద్దున్నే చెప్తాను, అని తలుపేసుకుందే" అని ఆగి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇంక నీ చేతిలో ఉంది తల్లీ."

నేను చదివాను. "తలుపు వేసుకున్నాక ఆమె దీపం తగ్గించలేదు..." అని మొదలైంది పన్నెండో ఫారం. రాత్రంతా ఆమె ఆలోచనలే. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎవరి చెప్పులు ఎవరికి సరిపోయేవి కావు, ఎవరు తన పేరు పెట్టి ఒక్కసారైనా పిలిచారు. పదిహేను పేజీలు. చివరి పేజీకి వచ్చాను.

"తెల్లవారింది. ముందుగదిలో ఇంకా ఎవరూ లేవలేదు. ఆమె కిటికీ తెరిచింది. పొయ్యి వెలిగించింది. అలవాటుగా పెద్ద గిన్నె అందుకుంది. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, మళ్ళీ దాని చోటులో బోర్లించింది. చిన్న గిన్నె తీసి, ఒక్క గ్లాసు నీళ్ళు కొలిచి పోసింది."

"ఊఁ?" అంది బద్దక్క.

"అంతే అక్కా."

"ఒక్క గ్లాసా?"

"ఒక్కటే."

కట్టు లేని కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "తనొక్కదానికే పెట్టుకుందన్నమాట. మనమేమో ఊళ్ళోవాళ్ళందరికీ కాఫీలు, టీలూ కలిపాం కదే" అంది. తర్వాత: "మళ్ళీ చదువు."

నేను వెనక్కి తిప్పబోయి, పొరపాటున ముందుకు తిప్పాను. అట్ట రావాల్సిన చోట ఇంకో పేజీ ఉంది. "తలుపు వేసుకున్నాక ఆమె దీపం తగ్గించలేదు..." నాకొక క్షణం అర్థం కాలేదు. అంకెలు చూశాను. తర్వాత అర్థమైంది. ఆ సాయంత్రం ఫోనొచ్చినప్పుడు చూడకుండా పడేసిన నా కట్ట, బద్దక్క మడిచిపెట్టిన పదకొండో దొంతర మీద పడింది. వరసగా ఫారాలు ఏరుకునే వాళ్ళు పదకొండు అనుకుని పన్నెండు తీశారు, మళ్ళీ పన్నెండు తీశారు. ఆ కట్టంతా వేస్టు అయ్యుంటుంది. నా పరుగు ఈ పుస్తకంలో కుట్టుకుపోయి ఇన్నేళ్ళు నా ఇంట్లోనే ఉంది.

"మళ్ళీ చదవమంటే మాట్లాడవేం?"

"తిప్పక్కర్లేదక్కా. మళ్ళీ ఉంది. పన్నెండోది రెండుసార్లు కుట్టేశారు."

 ఇద్దరం నవ్వాం. ఏడ్చాం అన్నా తప్పు లేదు.

అప్పుడు నా ఫోను మోగింది.

"కాగితాలవాడొచ్చి నిలబడ్డాడు. చిన్నగదికి తాళం ఎవరు వేశారు?"

"నేనే వేశానండీ."

"తాళం చెవేదీ?"

"నా దగ్గరుంది. వాడిని పంపించెయ్యండి. మీ కుర్చీ హాల్లో వేసుకోండి, గాలి బాగా వస్తుంది. ఆ గది నాది."

"ఎప్పుడొస్తావు?" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన గొంతులో ఆ మెత్తదనం అప్పుడే విన్నాను. భయమేమో.

"చదవడం అయ్యాక" అని పెట్టేశాను.

రెండో పన్నెండో ఫారం మెల్లగా, ఎక్కడా తడబడకుండా చదివాను. ఈసారి చివరి వాక్యం బద్దక్క కూడా నాతోపాటు అంది. తర్వాత మరదల్ని బ్లేడు అడిగి తెచ్చుకున్నాను. మిగతా పుస్తకం చెదరకుండా వెన్ను దగ్గర దారం ఒక్కచోట తెంపి, ఆఖరి ఫారం విడదీసి, బద్దక్క చేతుల్లో పెట్టాను. ఆమె అంచుకి అంచు సరిచూసుకుంది. మడత మీద బొటనవేలి గోరుతో ఒక్క గీత గీసింది. బట్టల గుట్టని పక్కకి నెట్టి, దాన్ని తలగడ కింద పెట్టుకుంది.

"బాకీ తీరింది పో" అంది.